రొదలోంచి 0.2 సెకన్ల సంకేతం: జీడబ్ల్యూఓఎస్‌సీ, క్విక్‌వ్యూ, జీడబ్ల్యూపై సమీక్ష

గురుత్వ తరంగాల (కృష్ణబిలాల్లాంటి బరువైనవి ఢీకొన్నప్పుడు స్థలంలో లేచే అలల) డేటా ఎవరైనా తీసుకోవచ్చు. అకౌంటు అక్కర్లేదు, రుసుము లేదు, ఏ ప్రొఫెసర్ ఉత్తరమూ అడగరు. గ్రావిటేషనల్ వేవ్ ఓపెన్ సైన్స్ సెంటర్ అనే సైటు, పొట్టిగా జీడబ్ల్యూఓఎస్‌సీ, ఈ డేటాను బయటపెడుతుంది. అమెరికాలోని రెండు లైగో డిటెక్టర్లు (హాన్‌ఫోర్డ్, లివింగ్‌స్టన్), ఇటలీలోని వర్గో, జపాన్‌లోని కాగ్రా తీసిన కొలతలు అక్కడికే చేరతాయి. వాటిని చదివి బొమ్మ గీసే లైబ్రరీ జీడబ్ల్యూపై. పేరు చివర ఉన్న ‘పై’ పైథాన్‌ది. కోడ్ రాయనివాళ్లకు బ్రౌజర్‌లోనే నడిచే క్విక్‌వ్యూ ఉంది. మూడింటినీ కలిపి ఒకే సేవగా చూస్తున్నాం. ఒకదానితో మొదలుపెట్టినవాళ్లు మిగతా రెండింటి దగ్గరికి వెళ్లక తప్పదు.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. డేటాకు వంక పెట్టడానికి లేదు. ఇంత ఖరీదైన పరికరాల కొలతల్ని ఇంత శుభ్రంగా, ఇంత ఓపిగ్గా వివరించి జనం చేతిలో పెట్టిన సేవలు సైన్సులో తక్కువ. జాగ్రత్త చెప్పాల్సింది బొమ్మల గురించే. రెండు నిమిషాల్లో అందమైన బొమ్మ వచ్చేస్తుంది, దాన్ని చూడగానే సంకేతం దొరికిందనిపిస్తుంది. బొమ్మలో కనిపించడం వేరు, సంకేతమని తేల్చడం వేరు. కొత్తవాళ్లు తడబడేది సరిగ్గా ఈ రెండింటి మధ్యే.

ముందు కొలత ఎంత చిన్నదో చూద్దాం. మొట్టమొదట దొరికిన జీడబ్ల్యూ150914 (రెండు కృష్ణబిలాల కలయిక, పేరులోని అంకెలు తేదీ) గరిష్ఠ స్థాయిలో 10⁻²¹ స్ట్రెయిన్. పొడవులో వచ్చిన తేడాను అసలు పొడవుతో భాగిస్తే వచ్చేదే స్ట్రెయిన్. లైగో డిటెక్టర్‌కి ఎల్ ఆకారంలో రెండు చేతులు, ఒక్కోటి 4 కిలోమీటర్లు కాబట్టి వాటి పొడవుల మధ్య వచ్చిన తేడా 4×10⁻¹⁸ మీటర్లు, ప్రోటాన్ వ్యాసంలో సుమారు నాలుగు వందల్లో ఒక వంతు. అదీ 0.2 సెకన్ల పాటే. ఆ కాసేపట్లోనే ఫ్రీక్వెన్సీ 35 హెర్ట్జ్ నుంచి 250 హెర్ట్జ్‌కి ఎగబాకింది. ముడి డేటా గీసి చూస్తే ఇదేమీ కనబడదు. నేల కదలికల వల్ల వచ్చే నెమ్మది ఊగులాట దీనికంటే కొన్ని వందల రెట్లు పెద్దది, తెరంతా అదే ఆక్రమిస్తుంది.

మొదటి గంట క్విక్‌వ్యూతో గడపడం మంచిది. ఎడమవైపు సంఘటన పేరో జీపీఎస్ సమయమో ఇచ్చి, డిటెక్టర్ ఎంచుకుంటే చాలు. ముడి డేటా, వైటెన్ చేసి (రొదను అణచి) బ్యాండ్‌పాస్ చేసిన (కావలసిన ఫ్రీక్వెన్సీలే ఉంచిన) గీత, క్యూ ట్రాన్స్‌ఫామ్ బొమ్మ (ఏ క్షణంలో ఏ ఫ్రీక్వెన్సీ ఎంత బలంగా ఉందో చూపేది) ఒకదాని కింద ఒకటి వస్తాయి. స్లైడర్లు కదిపితే ఫ్రీక్వెన్సీ హద్దులు, క్యూ విలువ, రంగుల గరిష్ఠం మారతాయి. శబ్దంగా మార్చి వినే వీలూ ఉంది. ఫోను స్పీకరులో మాత్రం ఏమీ వినిపించదు, 35 నుంచి 250 హెర్ట్జ్ దానికి అందని లోతు. హెడ్‌ఫోన్స్ పెట్టుకోవాలి, లేదంటే సైటులోని పాఠంలో చూపినట్టు ఫ్రీక్వెన్సీని 400 హెర్ట్జ్ పైకి జరిపి వినాలి.

సమయం దగ్గరే మొదటి పొరపాటు జరుగుతుంది. అంతా జీపీఎస్ సెకన్లలో ఉంటుంది. జీడబ్ల్యూ150914కి అది 1126259462.4. యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) 2015 సెప్టెంబరు 14, 09:50:45, మన సమయంలో మధ్యాహ్నం 3:20:45. ఐదున్నర గంటలు సరిగ్గా తీసేసి, లీపు సెకన్లు (యూటీసీకి అప్పుడప్పుడు కలిపే అదనపు సెకన్లు) మరిచిపోయేవాళ్లు ఎక్కువ. 2015 సెప్టెంబరులో జీపీఎస్ గడియారం యూటీసీ కంటే 17 సెకన్లు ముందుండేది, 2017 జనవరి 1 నుంచి 18 సెకన్లు. 0.2 సెకన్ల సంకేతం వెతికేటప్పుడు 17 సెకన్లు తప్పితే చూస్తున్నది వేరే చోటు. చేత్తో లెక్కగట్టకుండా ‘ఈవెంట్ జీపీఎస్’ ఫంక్షన్‌కి పేరు ఇచ్చేయండి, అదే చెబుతుంది.

ఫైళ్లు రెండు వేగాల్లో దొరుకుతాయి: సెకనుకు 4096 శాంపుళ్లు, 16384 శాంపుళ్లు. ఒక్కో సంఘటనకు 32 సెకన్ల ముక్క, 4096 సెకన్ల ముక్క ఇస్తారు. 32 సెకన్ల ముక్కలో 4096 చొప్పున 1,31,072 శాంపుళ్లు ఉంటాయి, శాంపుల్‌కి 8 బైట్లు కాబట్టి ఒక ఎంబీ. 4096 సెకన్లదైతే 134 ఎంబీ, అదే 16384 వేగంలో అయితే 537 ఎంబీ. మొబైల్ డేటా మీద పనిచేసేవాళ్లు జీడబ్ల్యూపైలోని ‘ఫెచ్ ఓపెన్ డేటా’ పిలిచేటప్పుడు క్యాష్ ఆప్షన్‌ను ట్రూ అని పెట్టుకోవాలి. లేకపోతే నోట్‌బుక్ మళ్లీ నడిపిన ప్రతిసారీ అదే ఫైలు మళ్లీ దిగుతుంది. కృష్ణబిలాలకు 4096 వేగం సరిపోతుంది. అందులో 1700 హెర్ట్జ్ పైన డేటా నమ్మదగ్గది కాదు, శాంపుళ్లు తగ్గించేటప్పుడు వేసిన ఫిల్టరు అక్కడ కోసేస్తుంది. కింద 10 హెర్ట్జ్ లోపు కాలిబ్రేషన్ (కొలతను ప్రమాణంతో సరిచూడటం) లేదు. ఈ రెండు హద్దులూ సైటులో రాసే ఉన్నాయి, చదవనివాళ్లే ఎక్కువ.

ఇక అసలు పని. సంఘటనకు అటూ ఇటూ 16 సెకన్లు తీసుకోండి. రెండు సెకన్ల ముక్క చాలదా అనిపిస్తుంది, చాలదు. రొద ఎలా ఉందో తెలియాలంటే సంకేతం లేని భాగం కావాలి, ఫిల్టర్లు పాడుచేసే అంచులు కోసి పారేయడానికి అదనంగా ఇంకాస్త కావాలి. తర్వాత రొద వర్ణపటం కట్టండి: ఎఫ్‌ఎఫ్‌టీ (ముక్కను ఫ్రీక్వెన్సీలుగా విడగొట్టే లెక్క) పొడవు 4 సెకన్లు, పద్ధతి మీడియన్ (మధ్య విలువ). సగం సగం అతివ్యాప్తితో 32 సెకన్లలో 15 ముక్కలు వస్తాయి. ఒక్క ముక్కలో పెద్ద గ్లిచ్ (సంకేతం కాని క్షణికమైన మోత) ఉన్నా సగటు తీస్తే వర్ణపటం మొత్తం ఉబ్బిపోతుంది, మీడియన్ దాన్ని పట్టించుకోదు. 4 సెకన్లకు బదులు 1 సెకను పెడితే వివరం 0.25 హెర్ట్జ్ నుంచి 1 హెర్ట్జ్‌కి పడిపోతుంది, సన్నటి గీతలు పక్కలకు కారతాయి.

ఆ గీతలు చూడటమే ఒక పాఠం. 60, 120, 180 హెర్ట్జ్ దగ్గర నిటారుగా లేచినవి అమెరికా కరెంటు. 500 హెర్ట్జ్ ప్రాంతంలో గుత్తిగా కనిపించేవి వయొలిన్ మోడ్‌లు: 40 కిలోల అద్దాన్ని వేలాడదీసిన గాజు తీగలు వీణ తంతుల్లా తమ స్వరంలో తాము మోగుతున్నాయి. కొన్ని గీతలు శాస్త్రవేత్తలే కాలిబ్రేషన్ కోసం వేసినవి. వీటి మధ్య, 100 హెర్ట్జ్ చుట్టుపక్కల, రొద బాగా తగ్గిన లోయ ఉంటుంది, విలువ సుమారు 10⁻²³. కృష్ణబిలాల సంకేతం దొరికేది ఆ లోయలోనే.

వైటెనింగ్ అంటే ప్రతి ఫ్రీక్వెన్సీనీ అక్కడి రొదతో భాగించడం. ధాన్యం తూర్పారబట్టినట్టే: బరువైన గింజ ఇటు, పొల్లు అటు. ఏ ఫ్రీక్వెన్సీ ఎంత రొద చేస్తుందో దాని గొంతు అంత తగ్గిస్తాం, అప్పుడు లోయలో ఉన్నది పైకి తేలుతుంది. దాని మీద 50 నుంచి 250 హెర్ట్జ్ బ్యాండ్‌పాస్, 60, 120, 180 దగ్గర నాచ్ ఫిల్టర్లు (ఆ ఒక్క ఫ్రీక్వెన్సీనే కోసేసేవి). జీడబ్ల్యూపైలో వైటెన్ డిఫాల్టుగా 2 సెకన్ల ఫిల్టరు వాడుతుంది, అందుకని రెండు వైపులా కనీసం 1 సెకను పాడవుతుంది. కత్తిరింపు ఫిల్టర్ల తర్వాతే చేయాలి. ముందు కత్తిరించి తర్వాత ఫిల్టరు వేస్తే అంచుల్లో లేచే మోతను సంకేతమని పొరబడతారు.

సొంతంగా ఫిల్టరు రాసుకునేవాళ్లకు ఒక మాట. ఒకే దిక్కుగా నడిచే ఫిల్టరు సంకేతాన్ని కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యం చేస్తుంది, అదీ ఒక్కో ఫ్రీక్వెన్సీని ఒక్కోలా. ముందుకూ వెనక్కూ రెండుసార్లు నడిపితే ఆ జరుగుడు పోతుంది. జీడబ్ల్యూపై డిఫాల్టుగా అలాగే చేస్తుంది. ఇక్కడ మిల్లీసెకను ఎందుకింత ముఖ్యమంటే, ఈ తరంగం ముందు లివింగ్‌స్టన్‌ని తాకి 6.9 మిల్లీసెకన్ల తర్వాత హాన్‌ఫోర్డ్‌ని తాకింది. లివింగ్‌స్టన్ గీతను 6.9 మిల్లీసెకన్లు ఆలస్యంగా వచ్చినట్టు జరిపి −1తో గుణించి (రెండు డిటెక్టర్ల చేతులు తిరిగి ఉన్న దిక్కుల వల్ల గుర్తు తారుమారవుతుంది) హాన్‌ఫోర్డ్ గీత మీద పెట్టండి. 3,000 కిలోమీటర్ల దూరంలో ఉన్న రెండు యంత్రాల గీతలు ఒకదాని మీద ఒకటి పడుకుంటాయి. ఈ సేవలో మాకు బాగా నచ్చే ఘట్టం ఇదే, ఎన్నిసార్లు చేసినా పాతబడదు.

ఇప్పుడు బొమ్మ. మామూలు స్పెక్ట్రోగ్రామ్‌లో కిటికీ (ఒక్కసారికి లెక్కలోకి తీసుకునే సమయపు ముక్క) పొడవు అన్ని ఫ్రీక్వెన్సీలకూ ఒకటే. క్యూ ట్రాన్స్‌ఫామ్‌లో కింద ఫ్రీక్వెన్సీలకు పొడవాటి కిటికీ, పైవాటికి పొట్టి కిటికీ. ఒక్కో కిటికీలో ఎన్ని ఊగులు పడతాయన్నది క్యూ నిర్ణయిస్తుంది. జీడబ్ల్యూ150914కి 30 నుంచి 500 హెర్ట్జ్, క్యూ 4 నుంచి 64 ఇస్తే, పైకి వంగుతూ లేచే ఆ ప్రసిద్ధ వంకర గీత వచ్చేస్తుంది. రంగుల హద్దు 0 నుంచి 25 పెట్టండి.

ఆ 25 అంటే ఏమిటో తెలుసుకుని పెట్టాలి. జీడబ్ల్యూపై బొమ్మలోని ప్రతి గడి శక్తినీ మీడియన్‌తో భాగిస్తుంది. శుభ్రమైన రొదలో ఒక గడి విలువ 10 దాటే అవకాశం 2ను పదిసార్లు హెచ్చవేస్తే వచ్చే 1024లో ఒకటి. 25 దాటే అవకాశం 3,35,54,432లో ఒకటి. అంటే రంగుల గరిష్ఠం 10 దగ్గర పెడితే ఉత్త రొద కూడా మచ్చలు మచ్చలుగా వెలుగుతుంది, ఏ మచ్చలో కావాలంటే ఆ మచ్చలో కృష్ణబిలం కనిపిస్తుంది. సైటులో చూసే మెరుగైన బొమ్మ వెనక ఈ ఎంపిక ఉంటుంది. ఇంకొకటి: బొమ్మ నునుపుగా కనిపించేది గడుల మధ్య విలువలు పూరించడం వల్ల. ఆ నునుపు డేటాలో లేదు, పిక్సెళ్లు లెక్కపెట్టి కొలతలు తీయకూడదు.

క్యూ హద్దులు ఇస్తే అందులో ఏ విలువకు అత్యంత ప్రకాశవంతమైన గడి వస్తే దాన్నే జీడబ్ల్యూపై ఎంచుకుంటుంది. పక్కన గ్లిచ్ ఉంటే గ్లిచ్‌కి నప్పే క్యూ వస్తుంది, సంకేతం మసకబారుతుంది. హాన్‌ఫోర్డ్‌కి ఒకటి, లివింగ్‌స్టన్‌కి ఇంకొకటి ఎంచుకోవడం మామూలే. రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టి పోల్చాలంటే హద్దుల్ని దగ్గరగా బిగించాలి.

బొమ్మకు ఉన్న పరిమితి తెలియాలంటే జీడబ్ల్యూ151226 తీయండి. 2015 డిసెంబరు 26, మన సమయంలో ఉదయం 9:08:53. ఇదీ రెండు కృష్ణబిలాలే, సూర్యుడికి 14.2, 7.5 రెట్ల బరువు. గరిష్ఠ స్ట్రెయిన్ 3.4×10⁻²². సంకేతం ఒక సెకను పాటు 55 ఊగులుగా పరుచుకుంది. అదే వంటకం, అవే హద్దులు, అయినా బొమ్మలో కంటికేమీ ఆనదు. కానీ 5 సిగ్మా దాటిన (ఉత్త రొద వల్ల వచ్చే అవకాశం అతి తక్కువైన) సంకేతమిది. శక్తి ఒక్క చోట పోగుపడకుండా 55 ఊగుల్లో పలచగా పంచుకుపోయింది. ఏ గడిలో చూసినా రొదను మించి లేదు. దీన్ని పట్టింది మ్యాచ్‌డ్ ఫిల్టరింగ్: ఐన్‌స్టీన్ సమీకరణాల నుంచి ముందే గీసిపెట్టిన తరంగ రూపాన్ని డేటా మీద జరుపుతూ, 55 ఊగులూ ఒకేసారి ఎక్కడ సరిపోతాయో చూడటం. ఈ పద్ధతిని గురుత్వ తరంగాలకు మలిచిన తొలి పనుల్లో పుణెలోని ఖగోళ పరిశోధన కేంద్రం ఐయుకా చేసినది ఒకటి. సంజీవ్ ధురంధర్, సత్యప్రకాశ్ 1990ల మొదట్లోనే దీనికి లెక్కలు కట్టారు.

సైటులోని మ్యాచ్‌డ్ ఫిల్టర్ పాఠాలు మేలైనవి. అవి పైసీబీసీ అనే లైబ్రరీ మీద నడుస్తాయి. విండోస్ లాప్‌టాప్‌లో నేరుగా ఇన్‌స్టాల్ చేయడానికి కూర్చుంటే సాయంత్రం అక్కడే అయిపోతుంది, దాని అడుగున ఉన్న లాల్‌సూట్ లినక్స్‌కీ మ్యాక్‌కీ మాత్రమే తయారుగా దొరుకుతుంది. గూగుల్ కొలాబ్ తెరిచి, ఇన్‌స్టాల్ అయ్యాక రన్‌టైమ్ ఒకసారి రీస్టార్ట్ చేసి మొదలుపెట్టడం సులువు. జీడబ్ల్యూపై మాత్రం విండోస్‌లో నడుస్తుంది. ఫైళ్లు హెచ్‌డీఎఫ్5 రూపంలో తెచ్చుకోండి, జీడబ్ల్యూఎఫ్ జోలికి వెళ్లకండి.

జీడబ్ల్యూ170817 ఇంకో రకం పరీక్ష. ఇది రెండు న్యూట్రాన్ నక్షత్రాల కలయిక, జీపీఎస్ 1187008882.4. సంకేతం సుమారు 100 సెకన్లు సాగింది కాబట్టి కృష్ణబిలాల కొలతలు ఇక్కడ పనికిరావు. క్యూ 100 నుంచి 110 దాకా పెంచి, కనీసం 30 సెకన్ల పొడవు తీసుకుంటే సన్నగా, నిదానంగా పైకి వంగే దారం లాంటి గీత వస్తుంది. క్యూ 20 దగ్గర వదిలేస్తే అది పొగలా చెదిరిపోతుంది. లివింగ్‌స్టన్‌లో కలయికకు 1.1 సెకన్ల ముందు పెద్ద గ్లిచ్ పడింది, ఆ గ్లిచ్ వల్లే మొదట్లో ఆటోమేటిక్ హెచ్చరిక ఒక్క హాన్‌ఫోర్డ్ పేరు మీదే వెలువడింది. జీడబ్ల్యూఓఎస్‌సీ ఇక్కడ చేసింది మెచ్చుకోవాలి: గ్లిచ్ ఉన్న ఫైలూ, గ్లిచ్ తీసేసిన ఫైలూ రెండూ ఇచ్చింది. రెండూ దించుకుని పక్కపక్కన గీయండి. పైపైన శుభ్రం చేసి ఇచ్చి ఊరుకోకుండా, ఏం తీసేశారో చూసుకునే హక్కు కూడా ఇచ్చినట్టు.

జీడబ్ల్యూ190521 దీనికి పూర్తిగా ఎదురు. సూర్యుడికి 85, 66 రెట్ల కృష్ణబిలాలు. 0.1 సెకను, నాలుగే ఊగులు, గరిష్ఠం 60 హెర్ట్జ్ ప్రాంతంలో. పైన చెప్పిన 50 హెర్ట్జ్ బ్యాండ్‌పాస్, 60 దగ్గర నాచ్ యథాతథంగా వాడితే సంకేతాన్నే కోసుకున్నట్టు. బ్యాండ్‌పాస్‌ని 25 లేదా 30 నుంచి మొదలుపెట్టి, నాచ్‌ని వీలైనంత సన్నగా ఉంచాలి. జీడబ్ల్యూ150914 వంటకాన్ని అన్నింటికీ మక్కీకి మక్కీ వాడేవాళ్లు ఈ ఒక్కదాన్ని చేసి చూస్తే చాలు.

ఇంత పొట్టి సంకేతాలకు అసలు శత్రువు గ్లిచ్‌లే. బ్లిప్ అనేది మిల్లీసెకన్ల పాటు వచ్చే కన్నీటిబొట్టు ఆకారం, బరువైన కృష్ణబిలాల సంకేతంలాగే ఉంటుంది. చెదిరిన వెలుతురు అద్దాల మధ్యకు తిరిగి చేరితే కింద ఫ్రీక్వెన్సీల్లో విల్లుల్లాంటి వంపులు వరుసగా వస్తాయి, సముద్రపు అలల వల్ల నేల ఎక్కువ కదిలే రోజుల్లో ఇవి పెరుగుతాయి. హాన్‌ఫోర్డ్‌లో ద్రవ నైట్రోజన్ గొట్టం మీద పేరుకున్న మంచును కాకులు పొడిచినా డేటాలో తెలిసింది. ఇవన్నీ గుర్తుపట్టడం నేర్చుకోవాలంటే గ్లిచ్‌లను సామాన్యులు రకాలుగా విడదీసే గ్రావిటీ స్పై ప్రాజెక్టు మంచి బడి. ఒక్కో గ్లిచ్‌ని 0.5, 1, 2, 4 సెకన్ల కిటికీల్లో చూపిస్తుంది. మీరూ మీ బొమ్మల్ని ఈ నాలుగు పొడవుల్లో గీయండి. 0.5 సెకన్లలో సంకేతంలా ఉన్నది 4 సెకన్లలో వంపుల వరుసలో ఒకటిగా తేలడం తరచూ జరుగుతుంది.

ఫైలు లోపల స్ట్రెయిన్‌తో పాటు సెకనుకొక విలువ చొప్పున నాణ్యత మాస్క్ ఉంటుంది. చాలామంది దాన్ని తెరవరు. డిటెక్టర్ పనిచేయని సెకన్లలో స్ట్రెయిన్ విలువ ‘నాన్’ (సంఖ్య కాదు) అని ఉంటుంది; 4096 సెకన్లలో ఒక్క నాన్ ఉన్నా ఎఫ్‌ఎఫ్‌టీ ఫలితం మొత్తం నాన్ అవుతుంది, బొమ్మ తెల్లగా వస్తుంది, లైబ్రరీ చెడిపోయిందనుకుంటారు. ముందు డేటా బిట్ చూసి నిండుగా ఉన్న భాగాలే తీసుకోవాలి. రెండో మాస్క్ ఇంజెక్షన్లది. పరికరాన్ని పరీక్షించడానికి అద్దాల్ని కావాలనే కదిపి దొంగ సంకేతం పెడతారు. ఆ బిట్ల పేర్లు ‘నో’తో మొదలవుతాయి కాబట్టి 1 అంటే ఇంజెక్షన్ లేదని, 0 అంటే ఉందని. తిరగేసి చదివితే కొత్త సంకేతం కనిపెట్టామనుకునే ప్రమాదం ఉంది. 2010 సెప్టెంబరు 16న, విశ్లేషించేవాళ్లకు చెప్పకుండా పెట్టిన అలాంటి గుడ్డి పరీక్షకు ‘బిగ్ డాగ్’ అని పేరు, ఆ డేటా కూడా ఇక్కడే దొరుకుతుంది. అసలు సంకేతంలా అంత నమ్మకంగా ఉండే దొంగ సంకేతం సాధనకు బాగా పనికొస్తుంది.

మెషీన్ లెర్నింగ్ వైపు నుంచి వచ్చేవాళ్లు పడే గుంట ఇంకొకటి ఉంది. డేటాను 32 బిట్లకు మార్చి శక్తి లెక్కగడతారు. 10⁻²³ని వర్గం చేస్తే 10⁻⁴⁶. 32 బిట్లలో పట్టే అతిచిన్న సంఖ్య 10⁻⁴⁵ దగ్గరే ఆగిపోతుంది, అంతా సున్నా అవుతుంది. ముందే 10²¹తో గుణించి పెట్టుకోవాలి. పైసీబీసీ లోపల కూడా ఇలాంటి ఒక గుణకం (2కి 69వ ఘాతం) వాడతారు.

ఇక సంకేతమని తేల్చే పని, క్విక్‌వ్యూలో లేనిది. సిగ్నల్ టు నాయిస్ నిష్పత్తి (రొదతో పోలిస్తే సంకేతం బలం) 24 వచ్చిందంటే సరిపోదు, ఉత్త రొద వల్లే రెండు డిటెక్టర్లలో ఒకేసారి అంతటి విలువ ఎన్నేళ్లకొకసారి వస్తుందో చెప్పాలి. దానికి టైమ్ స్లైడ్‌లు. ఒక డిటెక్టర్ డేటాను రెండోదానితో పోలిస్తే 10 మిల్లీసెకన్ల కాంతి ప్రయాణం కంటే ఎక్కువ జరిపితే, ఇక రెంటిలో ఒకేసారి దొరికేదేదీ నిజమైన తరంగం కాదు, అంతా యాదృచ్ఛికమే. జీడబ్ల్యూ150914 కోసం 16 రోజుల డేటాను 0.1 సెకన్ల చొప్పున జరుపుతూ 6,08,000 ఏళ్లకు సమానమైన నేపథ్యం తయారుచేశారు. వెతికిన సంకేతాల తరగతులు మూడు కాబట్టి దాన్ని 3తో భాగిస్తే 2,03,000. ‘2,03,000 ఏళ్లకు ఒకసారి కంటే తక్కువ’ అన్న మాట అలా వచ్చింది. ఇంట్లోనూ చేయొచ్చు. ఒక 4096 సెకన్ల జంట ఫైలును సెకను చొప్పున చుట్టూ తిప్పితే 4095 జరుపులు, అంటే 194 రోజుల నేపథ్యం. 8 జీబీ లాప్‌టాప్ మీద మామూలు శక్తి లెక్కతో సాధ్యమే. ఈ అభ్యాసం మొదటి పాఠాల్లోనే ఉండాలని మా కోరిక. బొమ్మ ముందు, నేపథ్యం ఎప్పుడో తర్వాత అన్న వరుస వల్ల జనం బొమ్మ దగ్గరే ఆగిపోతున్నారు.

డేటా తెరిచి ఉండటం వల్ల వచ్చే మేలుకు 2017 నాటి వాదన సాక్ష్యం. కోపెన్‌హేగన్‌లోని నీల్స్ బోర్ సంస్థ పరిశోధకులు ఇదే డేటా తీసుకుని, సంకేతం తీసేశాక మిగిలిన రొదలో రెండు డిటెక్టర్ల మధ్య పోలిక ఉందన్నారు. మిగతావాళ్లు అదే డేటాతో మళ్లీ లెక్కగట్టారు. చర్చలో బయటపడిన అంశాల్లో ఒకటి చాలా సాదాది: విండో (ముక్క అంచుల్ని మెల్లగా సున్నాకి దించేది) వేయకుండా ఎఫ్‌ఎఫ్‌టీ చేస్తే ముక్క మొదలూ చివరా అతకని చోట లేచే మెట్టు వల్ల ఫేజుల్లో లేని సంబంధం పుడుతుంది. మీ నోట్‌బుక్‌లో టూకీ విండో వేసీ వేయకా రెండుసార్లు నడిపి చూడండి, తేడా కళ్లకు కడుతుంది.

సేవలో లోటుగా అనిపించేవి రెండు. మొదటిది, ఇచ్చేది ప్రధానంగా స్ట్రెయిన్ ఒక్కటే. గ్లిచ్ ఎక్కడినుంచి వచ్చిందో చెప్పగలిగే మైకులు, భూకంప మాపకాలు, అయస్కాంత మాపకాలు కలిసి రెండు లక్షలకు పైగా సహాయక చానళ్లు లైగోలో నమోదవుతాయి. వాటిలో బయటికిచ్చింది చాలా తక్కువ. జీడబ్ల్యూ170814 చుట్టూ మూడు గంటల ముక్క ఒకటి ఉంది, అందులోనూ కొన్ని చానళ్లే. ఆ మూడు గంటలు బంగారం, ఇంకొన్ని రోజులవి ఇస్తే గ్లిచ్‌ల మీద విద్యార్థులు చేయగల పని చాలా ఉంది. రెండోది వెర్షన్లు. ఒకే సంఘటన వేర్వేరు క్యాటలాగుల్లో వేర్వేరు విలువలతో కనిపిస్తుంది: జీడబ్ల్యూ150914 బరువులు మొదటి పేపర్లో 36, 29, మొదటి క్యాటలాగు జీడబ్ల్యూటీసీ-1లో 35.6, 30.6. రెండూ సరైనవే, విశ్లేషణ మెరుగుపడింది. కానీ ప్రాజెక్టు రిపోర్టులో ఏ వెర్షన్ నుంచి తీసుకున్నారో రాయకపోతే చదివేవాళ్లకు తప్పుగానే తోస్తుంది.

చివరగా కోడ్‌లో ఒక మార్పు. వర్గో డేటా తీసినప్పుడు కరెంటు గీత 60 దగ్గర ఉండదు, 50 దగ్గర ఉంటుంది, ఐరోపా కరెంటు అది. మనదీ అంతే. మహారాష్ట్రలో నాందేడ్ దాటాక వచ్చే హింగోలి జిల్లా ఔంఢా దగ్గర కట్టబోయే లైగో-ఇండియాకు 2023 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం 2,600 కోట్ల రూపాయలకు ఆమోదం ఇచ్చింది. ఆ డేటా వచ్చినప్పుడు 50, 100, 150 హెర్ట్జ్ దగ్గర నాచ్‌లు కావాలి. జీడబ్ల్యూ150914 గీత 100, 150 రెండింటినీ దాటుకుంటూ వెళ్లింది కనుక అక్కడ నాచ్ ఎంత వెడల్పు పెడతామన్నది ముఖ్యమవుతుంది. నాచ్ విలువల్ని నేరుగా 60 అని రాసేయకుండా, డిటెక్టర్ పేరును బట్టి మారేలా ఇప్పుడే ఒక చిన్న పట్టికలో పెట్టుకోండి.